ఊరికే పరుగెత్తేవాళ్ళు కూడా కావాలి



ఏటా మన సంచికలో ఆటల పేజీలు రెండో మూడో ఉంటాయి. వంద మీటర్లలో ఎవరు మొదట వచ్చారో, కబడ్డీ జట్టు ఎంతవరకు వెళ్ళిందో, కప్పు ఎవరి చేతుల మీదుగా అందుకున్నారో వాటిలో ఉంటుంది. అది ఉండవలసిందే. నేను రాయబోయేది మాత్రం ఆ ఫోటోలలో కనపడని వారి గురించి. ఒకప్పుడు పరుగెత్తి, ఏదో కారణాన ఆగిపోయి, మళ్ళీ మొదలుపెడదామని ప్రతి ఆదివారం రాత్రీ అనుకుని, సోమవారం తెల్లవారుఝామున దుప్పటి ముసుగులోనే ఉండిపోయే వారి గురించి. కప్పు అందుకునేవారు పదిమంది ఉంటే ఈ రెండో రకం వారు పది గదుల నిండా ఉంటారు. నేను కూడా నాలుగు నెలలు ఆగి మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణే గనుక ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

మన కోనసీమలో పరుగుకు మైదానం అక్కరలేదు. కాలువ గట్టు చాలు. అమలాపురం వైపు చూసినా, రాజోలు వైపు చూసినా, కొత్తపేట వైపు చూసినా కొబ్బరి చెట్ల నీడన పంట కాలువ గట్లు పొడుగునా పరచుకుని ఉంటాయి. తెల్లవారకముందే వాటి మీద మనుషులు కనిపిస్తారు. షుగరు వచ్చిందని డాక్టరుగారు చెప్పగా నడిచే పెద్దవాళ్ళు కొందరు. పోలీసు ఉద్యోగానికో, సైన్యంలో అగ్నివీరుకో సిద్ధమయ్యే కుర్రాళ్ళు కొందరు. ఈ రెండు వర్గాల్లోనూ చేరని వాడు గట్టు మీద పరుగెత్తితే జనానికి వింతగా ఉంటుంది. పశువులను తోలుకుపోతూ వరసకు మావయ్య అయ్యే ఒకాయన నన్ను ఆపి అడిగాడు.

"ఏరా అబ్బాయ్, కానిస్టేబులుకా, మిలట్రీకా?"

"రెండూ కాదు మావయ్యా, ఊరికే."

"కుక్క తరిమితే తప్ప ఊరికే ఎవడైనా పరిగెడతాడేంట్రా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు గాని ఆ ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. ఏదో ఒక ఉద్యోగమో, బహుమతో, రోగమో వెంటపడితే తప్ప మనం పరుగెత్తం. ఆ వెంటపడేది ఆగిపోగానే మనమూ ఆగిపోతాం. మళ్ళీ మొదలుపెట్టడం కష్టమవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

దీనికి మన కళ్ళ ముందు జరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబులు పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక రాత పరీక్ష జరిగింది. సుమారు 95 వేల మంది నెగ్గారు. తరువాతి మెట్టు దేహదారుఢ్య పరీక్ష. మగవారు 1,600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఆడవారికి 10 నిమిషాల 30 సెకన్లు గడువు. ఫలితాలు వచ్చిన ఆ రోజుల్లో మా ఊరి గట్టు మీద తెల్లవారుఝామున తిరునాళ్ళలా ఉండేది. మా పెదనాన్నగారి అబ్బాయి కూడా వాళ్ళలో ఒకడు. ఒకడు సెల్‌ఫోనులో టైము చూస్తుంటే, నలుగురు పరుగెత్తేవారు. మార్చిలో జరగవలసిన పరీక్ష వాయిదా పడింది. నెలలు గడిచాయి. ఏడాది గడిచింది. ఆ పరీక్ష చివరికి మొదలైంది 2024 డిసెంబరు 30న. అంటే దరిదాపు రెండేళ్ళు.

ఈ రెండేళ్ళలో గట్టు ఖాళీ అయిపోయింది. అన్నయ్య హైదరాబాదులో ఒక గోడౌనులో పనికి కుదిరాడు. మిగిలిన వాళ్ళు ఆక్వా చెరువుల దగ్గరికి కొందరు, గల్ఫు ప్రయత్నాల్లో కొందరు చెదిరిపోయారు. కొత్త తేదీ వచ్చిందనగానే అందరూ మళ్ళీ ఊరికి చేరారు. చేతిలో ఉన్నది కొద్ది వారాలు. రెండేళ్ళనాటి వేగాన్ని మొదటి రోజే అందుకోవాలని తొందర. వారం తిరిగేసరికి ఒకడికి మడమ నొప్పి, ఒకడికి మోకాలి కింద ముందు ఎముక నొప్పి. అన్నయ్య కాలికి గుడ్డ కట్టుకుని పరుగెత్తి గట్టెక్కాడు. అతనికంటే చురుకైన వాడు, మొదటిసారి అందరికంటే ముందుండేవాడు, నొప్పి వల్ల బరిలోకే దిగలేకపోయాడు.

వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కౌలు రైతు కొడుక్కి ప్రభుత్వోద్యోగం అంటే ఏమిటో పల్లెలో పుట్టిన వాడికి వేరే చెప్పనక్కరలేదు. తిండి గడవని చోట నెల వెంట నెల ఎవడూ తేదీ లేని పరీక్షకు సాధన చెయ్యడు. నేను గమనించిందల్లా ఒక్కటే. తేదీకి కట్టిన పరుగు తేదీతోనే పోతుంది. మన వార్షిక క్రీడోత్సవమూ అంతే. జనవరిలో గ్రౌండు నిండా జనం. బహుమతులు పంచిన మర్నాడు గేదెలు తప్ప అక్కడ ఎవరూ ఉండరు.

ఇక నా సంగతి. ఇంటరు అయిన వేసవిలో పరుగు మొదలుపెట్టాను. లాకుల దగ్గరి నుండి వంతెన దాకా వెళ్ళి వస్తే మూడు కిలోమీటర్లు. ఆగకుండా పూర్తి చెయ్యగలిగేవాణ్ణి. డిగ్రీ రెండో సంవత్సరంలో టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గినా నీరసం తగ్గలేదు. అది తగ్గేసరికి సార్వా కోతలు, అవి అయ్యేసరికి పరీక్షలు. నాలుగు నెలల తరువాత గట్టెక్కితే నాలుగు వందల మీటర్లకే ఆయాసం వచ్చి కొబ్బరి చెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు కాళ్ళ నొప్పి కంటే మనసు నొప్పి ఎక్కువ. నిన్నటి నేను, ఈనాటి నేను పక్కపక్కన పరుగెడుతున్నట్టూ, వాడు నన్ను దాటిపోయి వెనక్కి చూసి నవ్వుతున్నట్టూ అనిపించింది. మళ్ళీ మొదలుపెట్టేవారందరికీ ఎదురయ్యే మొదటి శత్రువు వీడే. కొత్తగా మొదలుపెట్టే వాడికి ఈ బాధ లేదు. వాడికి పోల్చుకోవడానికి పాత లెక్క ఉండదు.

సైన్సు విద్యార్థిని గనుక ఈ సంగతి పుస్తకాల్లో వెతికాను. ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. బాగా సాధన చేసిన ఏడుగురిని సాధన మాన్పించి పరీక్షించారు. శరీరం ఒక నిమిషంలో అత్యధికంగా వాడుకోగల ఆక్సిజను మొదటి మూడు వారాల్లోనే 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గి, అక్కడ నిలబడింది. అయినా ఏనాడూ సాధన చెయ్యని వారికంటే ఇంకా పైనే ఉంది. ఇందులో ఒక చేదు నిజం, ఒక తీపి నిజం ఉన్నాయి. సంపాదించింది త్వరగా జారిపోతుంది. కాని అంతా జారిపోదు. చెట్టు పట్టుకుని నిలబడిన ఆ నాలుగు వందల మీటర్ల వాడు సున్నా దగ్గర లేడు. అలా అనిపిస్తుందంతే.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే తేరుకుంటాయి. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకూ అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. అందుచేత మూడో వారానికి "ఇంక ఫరవాలేదు, వేగం పెంచుదాం" అని ఊపిరి చెబుతుంది. కాలు ఇంకా ఒప్పుకోదు. మా వాళ్ళకు తగిలిన దెబ్బ ఇక్కడే.

మనకు ఇది వేరే ఎవరో నేర్పనక్కరలేదు. రైతు బిడ్డలందరికీ తెలుసు. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. కాలువ అడుగు నెర్రెలిస్తుంది. మళ్ళీ ధవళేశ్వరం నుండి నీరు వదిలేటప్పుడు మొదటి రోజే నిండుగా వదలరు. కొద్దికొద్దిగా వదిలి క్రమంగా పెంచుతారు. ఎండి బీటలు తీసిన గట్టు మీదికి ఒక్కసారి నిండు నీరు వస్తే గండి పడుతుందని భయం. నీరు తక్కువైందని అప్పుడు కాలువను ఎవరూ తిట్టరు. మన కాళ్ళ విషయంలో మాత్రం మనకు ఆ ఓర్పు ఉండదు.

కాబట్టి నేను అనుసరించిన పద్ధతి చెబుతాను. దూరం లెక్క మానేసి కాలం లెక్క పెట్టుకున్నాను. మొదటి రెండు వారాలు ఇరవై నిమిషాలే. ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే. ఆ తరువాత వారం వారం పరుగు వంతు పెంచుతూ, నడక వంతు తగ్గిస్తూ వచ్చాను. రోజు విడిచి రోజు. పాత మూడు కిలోమీటర్లు మళ్ళీ ఆగకుండా చెయ్యడానికి పదకొండు వారాలు పట్టింది. ఇంకొక జాగ్రత్త కూడా మన ప్రాంతం వారికి అవసరం. సముద్రం దగ్గర గనుక మన గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. అందుచేత ఉక్కపోత రోజుల్లో వేగం తగ్గితే అది మన చేతగానితనం కాదు. ఎండ ఎక్కకముందే ముగించుకుని, మంచినీళ్ళు తాగి ఇంటికి పోవడం తెలివైన పని.

ఇదంతా శరీరానికి సంబంధించిన మాట. మరి మనసు? పొద్దున్నే లేపేది ఏది?

గొప్పవారి ఫోటోలు లేపుతాయని చాలామంది అంటారు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం తెచ్చాడు. ఆనాడు మనమందరం బాణాసంచా కాల్చినంత సంబరపడ్డాం. అది మన గర్వం. కాని మర్నాడు ఉదయం అయిదు గంటలకు ఆ గర్వం నన్ను మంచం మీద నుంచి లేపలేదు. పతకం మనకు చాలా దూరంగా ఉండే వస్తువు. దాని వెలుగు మన దుప్పటి దాకా రాదు.

నాకు అంతకంటే దగ్గరగా తోచినది విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి కథ. ఇంటి పనులు చేసే తల్లి, కాపలా ఉద్యోగం చేసే తండ్రి పెంచిన బిడ్డ. వంద మీటర్ల హర్డిల్స్‌లో అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పినది. 2020 జనవరిలో అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పూర్తి చేసింది. డోపింగు పరీక్ష జరగలేదు గనుక ఆ లెక్క చెల్లలేదు. 2022 ఏప్రిల్లో కోళికోడులో 13.09. ఈసారి వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లు. అనుమతి 2.0 మాత్రమే. ఆ ఒక్క దశాంశం వల్ల అదీ చెల్లలేదు. ఒక నెల తరువాత, 2022 మే 10న సైప్రస్‌లో 13.23తో పరుగెత్తింది. అది పుస్తకంలోకి ఎక్కింది. మొదటి రెండింటికంటే నిదానమైన పరుగే జాతీయ రికార్డు అయింది! తరువాత 2023లోనూ, 2025లోనూ ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు గెలిచింది.

ఈ కథలో నన్ను ఆకట్టుకున్నది స్వర్ణాలు కావు. లెక్కకు రాని రెండు పరుగుల తరువాత కూడా మర్నాడు సాధనకు వెళ్ళడం. మనలాంటి వారి పరుగులన్నీ లెక్కకు రానివే. గట్టు మీద మనకు గాలి కొలిచేవాడు లేడు, గడియారం పట్టేవాడు లేడు. అయినా పొద్దున్నే లేవాలంటే ఇంకేదో ఉండాలి.

అదేమిటో నాకు మా నాన్నగారిని చూస్తే అర్థమైంది. మా పొలం శివారులో ఉంది. దాళ్వాలో నీరు చాలని ఏడు వంతులవారీ విధానం పెడతారు. మా వంతు ఒకోసారి అర్ధరాత్రి రెండు గంటలకు వస్తుంది. నాన్నగారు బ్యాటరీ లైటు, పార పట్టుకుని బయలుదేరతారు. "ఈవేళ నాకు ఉత్సాహంగా ఉందా?" అని ఆయన ఏనాడూ తనను తాను అడిగి ఉండరు. వంతు వచ్చింది, వెళ్ళాలి. వెళ్ళకపోతే నీరు పక్క మడికి పోతుంది. వెళ్ళి బోదె తెరిచి, నీళ్ళు గలగలా మడిలోకి దిగుతుంటే గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటారు. సంతోషం అప్పుడు వస్తుంది. పని ముందు, సంతోషం వెనుక.

మనం దీన్ని తలకిందులు చేసుకున్నాం. ముందు ఉత్సాహం రావాలి, తరువాత పరుగెత్తుదాం అని కూర్చుంటాం. పరుగెత్తితేనే గాని అది రాదు. కాబట్టి ఉత్సాహం కోసం ఎదురుచూడకుండా వంతు పెట్టుకోండి అంటాను. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం అయిదుంపావు అని ఒకసారి నిర్ణయించుకుంటే, ప్రతి రోజూ మనసుతో వాదన పెట్టుకునే బాధ తప్పుతుంది.

రెండో ఆసరా తోడు. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక నీళ్ళలో దిగి దాటించడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బరువు ఒక్కడు మొయ్యలేడు సరికదా, మొయ్యాలని తలపెట్టను కూడా తలపెట్టడు. పక్క భుజం ఉంది గనుకనే తన భుజం పెడతాడు. నేను మళ్ళీ మొదలుపెట్టిన అయిదో వారంలో నా హాస్టలు మిత్రుడొకడు సెలవులకు వచ్చి నాతో కలిశాడు. వాడు వచ్చి గుమ్మం ముందు నిలబడి "లేవరా బాబూ" అని కేకేస్తే, లేవకుండా ఉండటం లేవడం కంటే కష్టమైంది! ప్రభల తీర్థం ఏడాదికి ఒక్క రోజు. ఆ పక్క భుజం వారానికి మూడు రోజులు దొరికితే చాలు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "పొలం పని చేసేవాడికి పరుగెందుకు?" అని పెద్దలు అంటారు. నిజమే, దింపు కార్మికుడికి, నాట్లు వేసే ఆడకూతురికి నా ఉపన్యాసం అక్కరలేదు. కాని మిత్రులారా, మనలో ఎంతమందిమి ఇప్పుడు పొలంలో దిగుతున్నాం? కోతలకు యంత్రం వచ్చింది. కాలేజీకి మోటారు సైకిలు వచ్చింది. మనం పేరుకు రైతు బిడ్డలం గాని ఒంటికి బల్ల మీది గుమాస్తాలం. "చదువు పాడవుతుంది" అని మరొక మాట. వారానికి 75 నిమిషాల గట్టి వ్యాయామమైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు పదిహేను నిమిషాల లెక్కన అయిదు రోజులు. అంతమాత్రానికి పాడయ్యే చదువు మరొకందుకూ పాడవుతుంది.

మూడో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా క్లాసు అమ్మాయి ఒకామె ఇలా అంది: "మీకైతే గట్టుంది. మాకు డాబా ఉంది. ఈ చివర నుండి ఆ చివరకు ముప్పై అడుగులు. దాని మీదే తిరుగుతున్నాను." చీకటి గట్టు మీద ఒంటరిగా పరుగెత్తమని ఏ ఆడపిల్లకూ మనం చెప్పలేం. అలాంటప్పుడు "సంకల్పం ఉంటే చాలు" అనడం అన్యాయం. సంకల్పం ఆమెకు మనకంటే ఎక్కువే ఉంది. లేనిది చోటు.

అందుచేత విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు నా మనవి ఇది. మన గ్రౌండు గేటు ఉదయం అయిదు నుండి ఏడు వరకు తెరిపించండి. రెండు మంచి దీపాలు పెట్టించండి. పూర్వ విద్యార్థులు తలచుకుంటే అదేమంత భారం కాదు. అమ్మాయిలు నిర్భయంగా వచ్చేలా ఒక అధ్యాపకురాలో, ఇద్దరు ముగ్గురు తల్లులో అక్కడ నడుస్తూ ఉంటే చాలు. వారికి కూడా నడక కలిసివస్తుంది. గేటు దగ్గర ఒక నోటు పుస్తకం ఉంచండి. వచ్చినవారు పేరు, తేదీ రాస్తారు. ఎంత వేగంగా పరుగెత్తారో అందులో రాయనక్కరలేదు. వచ్చారు, అంతే. వచ్చే వార్షికోత్సవంలో మొదటి ముగ్గురికి ఎలాగూ కప్పులు ఇస్తాం. ఎక్కువ ఉదయాలు వచ్చిన వారి పేరు కూడా వేదిక మీద ఒకసారి చదవండి. ముఖ్యంగా, మధ్యలో మానేసి మళ్ళీ వచ్చిన వారి పేరు. జబ్బు చేసి లేచిన వారు, ఇంటి పనుల్లో చిక్కుకుని తేలిన వారు, ఉద్యోగ పరీక్ష పోయినా పరుగు మానని వారు ఆ పుస్తకంలో కనిపిస్తే అదే మన కళాశాలకు పెద్ద కప్పు.

ఖర్చు ఒక నోటు పుస్తకం, రెండు దీపాలు. ఈ సంచిక మీ చేతికి అందే రోజుకు సంఘం ఆ ఏర్పాటు చేసి ఉంటే, సోమవారం అయిదుంపావుకు అక్కడ కలుద్దాం. మెల్లగానే పరుగెడదాం, మాట్లాడుకుంటూ.

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి